మట్టి పూత కింద

19 నవంబర్ 1982, శుక్రవారం. అల్ ఐన్

దుబాయ్ అల్ కుసైస్‌లో పెద్ద పెద్ద బిల్డింగులకు సిమెంటు గిలాబు పూసిన చేతులివి. ఇప్పుడు మట్టి పిసకమంటున్నారు. ఈ సంగతి ఇంటికి చెబితే నన్ను కన్న మా అవ్వ నవ్వుతుంది, చంద్రవ్వ తల కొట్టుకుంటుంది. పెళ్లాం తల కొట్టుకోవడం ఎందుకని ఇంటికి చెప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

ఖర్జూరం తోటల నడుమ పాత ఊరు. ఊరంటే మన వాడంత కూడా ఉండదు. మట్టి ఇటుకల ఇళ్లు, చిన్న మసీదు, సగం కూలిన బురుజు. మనుషులు లేరు. సర్కారు కొత్త ఇళ్లు కట్టించి ఇస్తే అందరూ వెళ్లిపోయారు. ఈ ఇళ్లను మాత్రం పడగొట్టవద్దని బల్దియా వాళ్లు, అదే మునిసిపాలిటీ వాళ్లు, గుమ్మం గుమ్మానికీ నీలం రేకు కొట్టారు. రేకున్న ఇంట్లో ఒక మేకు దించాలన్నా బల్దియాను అడగాలట. ఏ మట్టితో కట్టారో ఆ మట్టితోనే బాగు చెయ్యాలట. ఇట్లాంటి ఇళ్లు మా ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి. వాటికి రేకు కొట్టేవాడు ఇంకా పుట్టలేదు.

నిన్న సైట్ ఇంజినీరు జిలానీ బాషా అందరినీ వరసగా నిలబెట్టాడు. కర్నూలు మనిషి, మనతో తెలుగే మాట్లాడతాడు.

"మీలో మట్టి ఇంట్లో పుట్టి పెరిగినోళ్లు ఎవురప్పా? చెయ్యెత్తండి."

హన్మాండ్లు కాక ఎత్తాడు. మాదీ ఆయనదీ ఒకటే వాడ. చిన్నప్పుడు పీర్ల పండుగకు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఇక్కడ నేను మేస్త్రీని, ఆయన నాకు సిమెంటు మాలు కలిపే కూలి. చెయ్యెత్తి నా వైపు చూశాడు. నేను ఎత్తలేదు. నేనూ మట్టి ఇంట్లోనే పుట్టానని ఆయనకు తెలుసు. కానీ కాక చూపు తిప్పుకున్నాడు.

మేస్త్రీ అన్నాక కాస్త పరువుండాలి. అందులో తప్పేముంది.

27 నవంబర్

మేము బాగు చేస్తున్న మొదటి ఇల్లు ఒక ముసలామెది. పేరు అడిగితే సయీద్ తల్లిని అంటుంది, ఉమ్మ్ సయీద్. కొత్త ఇంట్లో ఏసీ ఉంది, ఫ్రిజ్ ఉంది. అయినా రోజూ కొడుకు కారులో దిగి తన పాత ఇంటి గుమ్మంలో కూర్చుంటుంది. మాకు ఫ్లాస్కులో కాఫీ తెస్తుంది. అది కాఫీ కాదు, ఏలకుల కషాయం. వద్దంటే ఊరుకోదు.

ఇవాళ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. కాలువ వైపున్న గోడకు లోపలి పక్క మట్టి పూత మీద వేళ్ల వరసలున్నాయి, వంపులు వంపులుగా, నేల నుంచి ఆడమనిషి చెయ్యి అందినంత ఎత్తు దాకా.

"ఉస్తాద్, యే మేరా మామా కా హాత్," అంది. వీళ్లు అమ్మను మామా అంటారు. తన చెయ్యి ఆ గీతల మీద పెట్టి చూపించింది. తల్లి చెయ్యి తనకన్న చిన్నది.

మా అవ్వ కూడా ఇట్లాగే పూస్తుంది. ఆమె వేళ్ల వరసలు కూడా ఇట్లాగే వంపు తిరుగుతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. "అచ్ఛా," అని మాత్రం అని బయటికి వచ్చాను.

10 డిసెంబర్, శుక్రవారం

ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. మా వాడలో క్యాసెట్ వినడమంటే నలుగురితో కలిసి వినడమే. అక్కడ వాకిట్లో టేపు పెడితే వాడంతా వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ గదిలో పెడితే పక్క గదుల వాళ్లు కూడా వస్తారు. ఎవరి అవ్వ మాట్లాడినా అందరి అవ్వే.

ముందు చంద్రవ్వ మాట్లాడింది. తరువాత అవ్వ.

"కొడుకా పర్శరాములు, నువ్వు ముందటి గోడకు ఏపిచ్చిన సిమెంటు గిలాబు మొన్నటి వానకు ఊడింది. ఉత్తగ ఊడలే, గోడను గూడ పట్కొని పడ్డది. లోపటి తడి బయటికి ఎటు పోవాలె చెప్పు? మట్టికి ఊపిరి ఆడాలె కొడుకా. తడిక కట్టుకున్న, నువ్వేం ఫికరు వెట్టుకోకు."

గది పగలబడి నవ్వింది. పోయినసారి సెలవులో రోడ్డు వైపు గోడ ఒక్కదానికి గిలాబు చేసి పచ్చ రంగు వేయించిన మాట నిజమే. దుబాయ్ పోయినోడి ఇల్లు అని నలుగురూ అనుకోవాలి కదా. మిగతా మూడు గోడలూ మట్టివే. "ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత," అన్నాడు ఖాజా. మా గదిలోనే ఉంటాడు, కంపెనీ పికప్ నడుపుతాడు. వాడి నోటికి తాళం లేదు.

అవ్వ మాటలు అయిపోయాక టేపులో కోళ్లు అరిచాయి, ఎవరో బిందె దించారు, ఎవరిదో దగ్గు. అవ్వకు టేపు ఆపడం రాదు. తనంతట తాను ఆగేదాకా తిరుగుతూనే ఉంటుంది. మేము ఆ కోళ్లను కూడా చివరిదాకా విన్నాం.

20 డిసెంబర్

ఉమ్మ్ సయీద్ ఇంటి కాలువ వైపు గోడ, బయటి పక్క, ఆరడం లేదు. పొద్దున మంచు, పక్కనే ఫలజ్ కాలువ చెమ్మ. పూసిన మట్టి పగుళ్లు ఇస్తోంది. గురువారం బల్దియా పెద్దాయన చూడటానికి వస్తాడట. జిలానీ సారు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చి గోడను చూసి నా మొహం చూస్తున్నాడు. మేస్త్రీకి మట్టి పని రాదని కూలీలు గుసగుసలు పోతున్నారు.

ఖాజా బండిలో పక్క సైటుకు వెళ్లి సిమెంటు సంచులు తెచ్చాను. దేనికని వాడు అడగలేదు.

"బల్దియోళ్లు సిమెంటు వద్దన్నరు గద కొడుకా?" అన్నాడు హన్మాండ్లు కాక.

"నువ్వు కలుపు కాకా. చెప్పిన పని చెయ్యి."

కలిపాడు. కింద పలచగా సిమెంటు గిలాబు, పైన మట్టి పూత. ఎవరి కంటికీ తెలియదు. గోడకు బలమే కదా. మా ఇంటి గోడ సంగతి వేరు, అక్కడ వాన ఎక్కువ. ఇక్కడ వానలెక్కడివి.

23 డిసెంబర్

బల్దియా పెద్దాయన గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు. "జైన్, జైన్," అన్నాడు. బాగుందని. జిలానీ సారు నా భుజం తట్టి, "మట్టి పని తెలిసిన మేస్త్రీ," అని నన్ను చూపించాడు. గోడ పక్కన నిలబెట్టి నాకు ఫోటో తీశారు. గోడ మీద చెయ్యి పెట్టమంటే పెట్టాను.

కాక దూరంగా మాలు మోసే గమేలాలు కడుగుతున్నాడు. సంబరంగా నా వైపు చూసి తలూపాడు. ఆయన మొహంలో నిజంగా సంతోషమే ఉంది. అదే నాకు మింగుడు పడలేదు.

7 జనవరి 1983

గోడ బాగానే ఉంది.

21 జనవరి

గోడ అడుగున తెల్లగా ఉప్పు లేచింది. చీపురుతో దులిపాను. గోడ బాగానే ఉంది.

30 జనవరి

మళ్లీ దులిపాను. మధ్యలో కాస్త ఉబ్బినట్టు ఉంది. కంటికి అట్లా కనిపిస్తున్నదేమో. కాకను అడిగితే, "ఉబ్బింది కొడుకా," అన్నాడు. అడగకపోయినా బాగుండేది.

13 ఫిబ్రవరి

రెండు రోజులుగా వాన. ఈ దేశంలో ఇంత వాన పడుతుందని ఎవరు చెప్పారు నాకు?

14 ఫిబ్రవరి

గోడ పడిపోయింది. లోపలికి పడింది. మనుషులకు ఏమీ కాలేదు.

ఉమ్మ్ సయీద్ మమ్మల్ని తోసుకుని గదిలోకి పోయింది. బురదలో కూర్చుని ముక్కలు ఏరింది. వేళ్ల గీతలున్న పెళ్ల ఒకటి అరచేతి వెడల్పున దొరికితే ఒళ్లో పెట్టుకుంది. అది ఒళ్లోనే విరిగింది. ఆమె ఏడవలేదు, మమ్మల్ని తిట్టలేదు. కొడుకు వచ్చి లేవదీసేదాకా అట్లాగే కూర్చుంది.

పడిన గోడకు బయటి పక్క సిమెంటు మాత్రం పొడి కాకుండా పలక పలకలుగా ఉంది. బూడిద రంగు. దాన్ని అందరూ చూశారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

15 ఫిబ్రవరి

జిలానీ సారు అడిగాడు. ఆఫీసు గదిలో కంపెనీ మేనేజరు, ముదీర్ అంటారు, ఆయన కూడా ఉన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి తస్బీ పూసలు తిప్పుతున్నాడు.

"ఇందులో సిమెంటు ఎవురు కలిపినారప్పా?"

నేను ఆ పూసల వైపు చూశాను.

"నిన్నే అడిగేది. ఎవురు కలిపినారు?"

"మాలు కలిపేది హన్మాండ్లు," అన్నాను.

ఇందులో అబద్ధం ఏముంది. మాలు కలిపేది హన్మాండ్లే. కంపెనీలో ఎవరిని అడిగినా అదే చెబుతారు.

16 ఫిబ్రవరి

కాకను పిలిచారు. ఆయన ఏం చెప్పాడో బయటికి వచ్చాక ఖాజా అడిగితే తెలిసింది. "వానకు పడ్డది సార్," అన్నాడట. ఎవరు చెబితే కలిపావంటే, "కలిపింది నేనే సార్," అన్నాడట. అంతకన్న ఒక్క మాట చెప్పలేదట.

నేను అబద్ధం చెప్పలేదు.

17 ఫిబ్రవరి

కాక వీసాకు కాన్సిల్ కొట్టారు. ఇంటికి పంపేస్తారు. బల్దియా వాళ్లకు ఒక మనిషిని చూపించాలట, లేకపోతే కాంట్రాక్టే పోతుందట.

రేపు వెళ్లి చెప్తాను.

18 ఫిబ్రవరి

శుక్రవారం. ఆఫీసు లేదు.

19 ఫిబ్రవరి

జిలానీ సారు అబుదాబి వెళ్లాడు. వచ్చాక చెప్తాను.

21 ఫిబ్రవరి

వచ్చాడు. చాలా పనిలో ఉన్నాడు.

22 ఫిబ్రవరి

కాకతో మాట్లాడాను. నీళ్ల ట్యాంకు దగ్గర బనియన్ ఉతుక్కుంటున్నాడు.

"నేను పోయి చెప్పాల్నా కాకా?"

ఎట్లా అడిగానో చూడు. చెప్తాను అనలేదు, చెప్పాల్నా అన్నాను. బంతిని ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఎట్లాంటివాడో తెలిసే పెట్టాను.

"చెప్పి ఏం జేస్తవ్ రా. ఇద్దర్ని పంపుతరు. నాదేమున్నది, ముసలి పానం. నీకు చిన్న పొల్లగాండ్లు ఉన్నరు." బనియన్ పిండాడు. "గనీ కొడుకా, నువ్వు ఆ దినం చెయ్యెందుకు ఎత్తలే? మీ అవ్వ అంత మంచిగ గోడ పెడ్తది. చెప్పుకుంటే సిగ్గా?"

సిగ్గే. కానీ అప్పుడు సిగ్గనిపించిన దానికీ ఇప్పుడు సిగ్గుపడుతున్న దానికీ పోలికే లేదు. గదికి వచ్చేశాను.

27 ఫిబ్రవరి

ఇంటికి పోయేవాడు అందరి సామానూ మోసుకుపోవాలి. అది రివాజు. సెలవు మీద పోయినా, కాన్సిల్ మీద పోయినా. కాక గది గదికీ తిరిగి, "ఇంటికి ఏమన్న పంపుతర?" అని అడుగుతున్నాడు. మా గదికి కూడా వచ్చాడు.

నేను చంద్రవ్వకు చీర, పిల్లలకు బూట్లు, అవ్వకు దుప్పటి కట్టి ఉంచాను. కట్టి ఉంచాను. ఆయన వస్తాడని తెలిసి ముందే కట్టి ఉంచాను. ఆ మూట ఆయన చేతిలో పెట్టాను.

"బరువున్నదా కాకా?"

"బట్టలకేం బరువు," అని చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "మీ అవ్వ తడిక కట్టుకొని ఉన్న అన్నది గద క్యాసెట్ల. పోంగనే ఆ గోడ నేను పెడ్తతియ్. మట్టితోనే."

1 మార్చి

కాక పోయాడు. నేను సైటులో ఉన్నాను. ఖాజా బండిలో దిగబెట్టి వచ్చాడు. నా గురించి అడిగాడా అని వాడిని అడిగితే, "పర్శడు తిన్నడా అని అడిగిండు," అన్నాడు.

20 మార్చి

గోడ మళ్లీ పెడుతున్నాం. మట్టి తొక్కేవాడు లేక నేనే దిగి తొక్కాను. గడ్డి కలిపి మాగబెట్టాం. కొత్తగా వచ్చిన వాళ్లు, "మేస్త్రీకి మట్టి పని బాగా తెలుసే," అంటున్నారు. మా అవ్వ నేర్పిందని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఇప్పుడు చెబితే ఎవరికి కావాలి.

ఉమ్మ్ సయీద్ వస్తుంది, కూర్చుంటుంది. కాఫీ మాత్రం తేవడం లేదు. ఇవాళ అడిగింది. "వో బుడ్ఢా కిధర్?" మట్టి తొక్కే ఆ ముసలాయన ఎక్కడని.

"ఘర్ గయా," అన్నాను.

15 ఏప్రిల్, శుక్రవారం

సెలవు నుంచి వచ్చిన మా పక్క ఊరి మనిషి క్యాసెట్ తెచ్చాడు. ఎప్పటిలాగే గదినిండా జనం. తరువాత విందామని చెప్పి టేపు తీసేద్దామనుకున్నాను, కానీ ఖాజా అప్పటికే నొక్కేశాడు.

"కొడుకా, హన్మాండ్లు గోడ పెట్టిండు. నీకన్న మంచిగ పెట్టిండు. పైసలు ఇస్తె తీస్కోలే. దుప్పటి ముట్టింది. గనీ కొడుకా, ఊర్ల ఒక మాట నడుస్తున్నది. హన్మాండ్లు దుబాయ్‌ల సిమెంటు సంచులు దొంగతనంగ అమ్ముకున్నడట, అందుకే ఎల్లగొట్టిన్రట. కల్లు మండువ కాడ పోరగాండ్లు గూడ 'సిమెంటు హన్మాండ్లు' అని పిలుస్తున్నరు. ఆయన నవ్వుకుంట పోతడు. ఐలవ్వా నీ కొడుక్కు తెలుస్తది, అడుగు అంటున్నరు అందరు. నేను అడిగితే, వాన పడ్డదక్కా అంటడు, ఇంకేం చెప్పడు. ఏమైంది కొడుకా? నువ్వు ఆడనే ఉంటివి గద?"

తరువాత కోళ్లు. తరువాత చాలాసేపు ఏమీ లేదు. గదిలో ఎవరూ లేవలేదు. అందరూ టేపు వైపే చూస్తున్నారు, నా వైపు చూడకుండా ఉండటానికి. వీళ్లందరికీ తెలుసు. మొదటి నుంచీ తెలుసు. నేనొక్కడినే దాచాననుకున్నాను.

16 ఏప్రిల్

చెప్పాను.

జిలానీ సారు విన్నాడు. "ఆ పొద్దు రెండుతూర్లు అడిగితిని కదప్పా. ఇప్పుడొచ్చి చెప్తావేమి?" అని ముదీర్ గదిలోకి తీసుకుపోయాడు. అరబ్బీలో చెప్పాడు. ముదీర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఖలాస్," అన్నాడు. అయిపోయిన సంగతి అయిపోయింది. బల్దియాకు మనిషిని చూపించాం, ఫైలు మూశారు. కొత్త గోడ బాగా వస్తోంది. యల్లా, పని చూసుకో. హన్మాండ్లును మళ్లీ పిలిపించండి సార్ అన్నాను. ముదీర్ నవ్వాడు, మాలు కలిపేవాళ్లకు కరువా అని.

మెట్లు దిగుతుంటే కడుపులో ఒక హాయి లేచింది. నన్ను పంపరు. నా నౌకరీ ఉంది. దీన్ని రాయకుండా ఉందామనుకున్నాను. కానీ ఈ పుస్తకంలో కూడా దాచుకుంటే ఇంక నేను నిజం చెప్పే చోటు ఎక్కడుంది.

ముదీర్ దగ్గర చెప్పడం సుళువు. ముదీర్ మా వాడ మనిషి కాదు.

22 ఏప్రిల్, శుక్రవారం

కొత్త గోడ ఆరింది. లోపలి పూత మిగిలింది. ఉమ్మ్ సయీద్ తానే పూస్తానని పట్టుబట్టిందట. బల్దియా వాళ్లు ఒప్పుకున్నారు. సెలవు రోజైనా నేను వెళ్లి మట్టి తడిపి ఇచ్చాను. ఆమె గాజులు పైకి తోసి, అరచేత్తో మట్టి తీసుకుని కింది నుంచి మొదలుపెట్టింది.

ఖాజా టేపు రికార్డరు తీసుకుపోయాను. ఆ గదిలోనే ఒక మూల కూర్చుని నొక్కాను. క్యాంపులో అయితే నాకు నోరు పెగలదు.

"అవ్వా, నేను పర్శరాములును. వాడకట్టోళ్లు అందరు ఉన్నరా? అందరు ఇనుండ్రి. హన్మాండ్లు కాక సిమెంటు దొంగ కాదు. సిమెంటు తెచ్చింది నేను. వద్దు కొడుకా అన్నా వినకుంట ఆయనతోని కలిపిచ్చింది నేను. గోడ పడ్డంక సార్లు అడిగితే, ఆయన పేరు చెప్పింది నేను. నన్ను పంపకుంట ఆయన్ని పంపిన్రు. ఆయనకు అంత తెలుసు. ఎవ్వలికి చెప్పలే. మూట గూడ మోసుకొచ్చిండు. చంద్రవ్వా, నువ్వు గూడ విను. పిల్లలు గూడ వినని."

ఇంకేదో చెప్పబోయాను. కంపెనీ ఒత్తిడి, వాన, గురువారం. నోరు మూసుకున్నాను. కాసేపు ఆమె చెయ్యి గోడ మీద జారే చప్పుడే రికార్డు అయింది.

ఆపాక ఉమ్మ్ సయీద్ వెనక్కి తిరిగింది. ఎవరికని అడిగింది. మా మామాకు అన్నాను. తలూపి మట్టి చెయ్యి చాపి గోడ చూపించింది. నన్ను కూడా పూయమంది. వద్దన్నాను. ఆ గోడ మీద నా వేళ్లు ఉండకూడదు.

24 ఏప్రిల్

ఖాజా గురువారం సెలవు మీద పోతున్నాడు. రెండు రోజులుగా క్యాసెట్ దిండు కింద ఉంది. నిన్న ఒకసారి రికార్డరులో పెట్టాను. దాని మీద పాటలు ఎక్కించి, ఇంకో క్యాసెట్‌లో కాస్త మెత్తగా చెబుదామని. పిల్లలు వినాలని ఎందుకన్నాను?

పెద్దవాడికి తొమ్మిదేళ్లు. బడిలో వాడిని ఏమని పిలుస్తారో.

ఇవాళ క్యాసెట్ వెనక ఉండే ప్లాస్టిక్ పలుకులు రెండూ మేకుతో విరిచేశాను. ఇంక దాని మీద ఏదీ ఎక్కదు.

28 ఏప్రిల్

ఖాజాకు ఇచ్చాను.

"హన్మాండ్లు కాకకు ఇయ్యాల్నా, మీ అవ్వకా?" అన్నాడు. వాడికి తెలుసు, ఆ గదిలో అందరికీ తెలిసినట్టే.

కాకకు ఇస్తే ఒక్కడే విని చూరులో దాచేస్తాడు. నా పరువు కాపాడటం ఆయనకు అలవాటైపోయింది. చంద్రవ్వకు ఇస్తే మధ్యలో ఆపేస్తుంది.

"మా అవ్వకు ఇయ్యి," అన్నాను. "వాకిట్ల అందరు కూసున్నంక పెట్టుమను."

అవ్వకు టేపు ఆపడం రాదు.